తెంపకూడని శోకం

హొగ్లా శోకం ఎత్తిందంటే, చచ్చినవాడితో ఏళ్ళ తరబడి మాటల్లేని దాయాది కూడా ముక్కు చీదాల్సిందేనని బేత్ జైతులో చెప్పుకునేవాళ్ళు. అబద్ధం కాదు. యెరూషలేముకు పూట నడక దూరంలో, కొండను కరుచుకుని ఉన్న ఆ ఊళ్ళో ఎవరింట పీనుగ లేచినా ముందు కబురు ఆమెకే. ఆమె వచ్చేదాకా శవాన్ని కదపరు. వచ్చి, తల మీద గుప్పెడు దుమ్ము పోసుకుని, రొమ్ము మీద ఒక్క దెబ్బ చరుచుకుని "హోయ్!" అందంటే, అప్పటిదాకా ఒలీవల కాపు గురించి మాట్లాడుకుంటున్న ఆడవాళ్ళంతా గొల్లుమనేవాళ్ళు.

అలాంటి హొగ్లా, సొంత కొడుకు పోతే ఏడవలేదు. ఏడవనిస్తేగా!

ఆ సంగతి చెప్పేముందు అక్కడి శోకం సంగతి చెప్పాలి. "ఏడవడం ఎవరికి రాదు? పిల్లిపిల్లకీ వచ్చు," అనేది హొగ్లా, తన వెనక పాడటానికి కొత్తగా చేరిన ఆడవాళ్ళతో. "శోకం అంటే ఏడుపు కాదే. వ్యాజ్యం. చచ్చినవాడు నోరు లేనివాడు. వాడి తరఫున మనం దేవుడి ముందు నిలబడి, ఇదిగో వీడు ఇలాంటివాడు, వీణ్ణి ఎందుకు తీసుకుపోయావు అని అడగాలి. అడిగేటప్పుడు వణక్కూడదు."

వ్యాజ్యం అన్నాక సాక్షి ఉండాలి కదా. అందుకని హొగ్లా ఒక చరణం ఎత్తితే, వెనక ఆడవాళ్ళు అదే చరణం పొల్లు పోకుండా తిప్పి పాడతారు. ఆ వెంటనే ఆ ఇంటి మగవాడు "నేను సాక్షిని" అనాలి. ఊళ్ళోకెల్లా పిసినారి పోయినప్పుడు హొగ్లా "పెట్టిన చెయ్యి" అని ఎత్తితే, వాడి కొడుకు నవ్వాపుకోలేక దగ్గు తెచ్చుకుని మరీ "సాక్షిని" అన్నాడు. అనక తప్పదు. పేరు పెట్టి ఎత్తిన శోకాన్ని మధ్యలో తెంపితే ఆ ఇంట్లో ఇంకో పీనుగ లేస్తుందని అందరికీ భయం.

హొగ్లా కొడుకు పేరు జక్కూరు. తండ్రి లేని పిల్లాడని గారాబంగానే పెరిగాడు గానీ చెడలేదు. రాజుగారు దేవదారు పలకలతో కొత్త మేడ కట్టిస్తూ ఊరూరా వంతుల మీద వెట్టికి మనుషుల్ని పట్టించినప్పుడు, బేత్ జైతు వంతున పోయినవాళ్ళలో జక్కూరు ఉన్నాడు. గేరా అని వాళ్ళ వీధివాడు కూడా ఉన్నాడు. ఇద్దరూ ఒకే రొట్టె తుంచుకుని తిన్నవాళ్ళు.

అక్కడ రాళ్ళు పైకి లాగే మోకు నారలు నారలుగా చీలిపోయింది. మార్చమని జక్కూరు అడిగాడు. మేస్త్రీ వినలేదు. మోకు తెగింది. కింద ఉన్నవాళ్ళు రాయి కింద నలిగిపోయారు. జక్కూరు ఆ రక్తంలో నిలబడి, మేడ కేసి చూసి, "ఈ రక్తానికి జవాబు ఎవరు చెబుతారు?" అని అరిచాడు. అన్నది అంతే. సాయంత్రానికల్లా దేవుణ్ణీ రాజునూ తిట్టాడని నేరం మోపారు. ధర్మశాస్త్రం ప్రకారం ఇద్దరు సాక్షులు కావాలి. ఒకడు మేస్త్రీ మనిషి. రెండోవాడు గేరా. ఊరి బయటికి తీసుకుపోయి రాళ్ళతో కొట్టి చంపారు, పైన రాళ్ళు గుట్ట పోశారు. గేరా మాత్రం ఆ రోజే వెట్టి తప్పించుకుని ఇంటికొచ్చేశాడు.

పక్క ఊరి వెట్టివాడొకడు దారిన పోతూ హొగ్లా చెవిలో వేశాడు: "నీ కొడుకు తిట్టలేదమ్మా. నేను అక్కడే ఉన్నాను. కానీ నన్ను చెప్పమనొద్దు, పిల్లలు గలవాణ్ణి." చెప్పి, వెనక్కి చూడకుండా పోయాడు.

మరునాడే ఊరి పెద్ద ఇద్దో వచ్చాడు. మంచివాడే. కానీ భయస్థుడి మంచితనం ఎవరికి కావాలి?

"హొగ్లా, దూషకుడి పేరు మీద శోకం ఎత్తకూడదు. నీకు తెలియంది కాదు."

"నా కొడుకు దూషకుడు కాదు."

"ఇద్దరు సాక్షులు చెప్పారు. తీర్పు అయిపోయింది. దేవుడు న్యాయవంతుడు అని తల వంచుకోవడమే మనం చేయగలిగింది. రేపు రాజుగారి మనుషుల చెవిన పడితే ఊరంతా వెట్టిలో చావాలి."

"దేవుడు న్యాయవంతుడే. అందుకే ఆయన్ని అడగాలంటున్నా."

"దేవుణ్ణి నిలదీస్తావా?"

"మరెవరిని నిలదీయమంటావు? నిన్నా? నువ్వు జవాబు చెప్పగలవాడివైతే చెప్పు, ఆయన జోలికి పోను."

ఇద్దో గెడ్డం నిమురుకుంటూ వెనక్కి తిరిగాడు. గుమ్మం దిగుతూ, చావింటికి తెచ్చే శోకపు రొట్టె ఎవరూ ఈ ఇంటికి తేకూడదని ఇరుగుపొరుగుకి చెప్పిపోయాడు. ఎవరూ తేలేదు. తేకపోగా, ఓదార్పు తెచ్చారు! "ఏదో తప్పు చేసే ఉంటాడమ్మా, దేవుడు ఊరికే ఎవరినీ కొట్టడు," అని ఒకామె. "మనసు రాయి చేసుకో," అని ఇంకొకామె. రాళ్ళు పడి పోయినవాడి తల్లితో అనాల్సిన మాటేనా అది?

హొగ్లా ఆడపడుచు మిల్కా ఒక్కతే ఆ ఇంట్లో ఉండిపోయింది. శోకంలో హొగ్లా వెనక మొదటి గొంతు ఆమెదే. నోరు పెద్దది, మనసు మెత్తన.

"వదినా, కొండ వెనక్కి పోదాం పద. ఎవరూ వినరు. కరువుతీరా ఏడుద్దాం. నా మేనల్లుడమ్మా వాడు, నాకు మాత్రం గుండె పగిలిపోవడం లేదా?"

"దొంగచాటుగా ఏడవడానికి నా కొడుకు దొంగా?" అంది హొగ్లా. "నలుగురిలో ఎత్తుతా. పేరు పెట్టి ఎత్తుతా. సాక్షి పలకాలి. వాడు తిట్టలేదని ఒక్క మగాడి నోట దేవుడి ముందు రావాలి. అప్పుడే ఏడుస్తా. అందాకా నా కంట్లోంచి చుక్క రాలదు."

"సాక్షి ఎవడు పలుకుతాడే? నీకు మొగుడా, మరిదా?"

"తెలీదు."

నిజంగానే చుక్క రాలలేదు. ఊళ్ళో ఎవరు పోయినా పిలిస్తే వెళ్ళేది. వాళ్ళ శవాల మీద ఊరంతటినీ ఏడిపించేది. తను మాత్రం పొడి కళ్ళతో ఇంటికొచ్చి, కుండలో పప్పు కాచుకుని, రొట్టె ముంచుకుని, గోడ కేసి చూస్తూ తినేది. కడుపుకోత అలా లోపలే గడ్డ కట్టుకుపోయింది. రాత్రి పడుకోబోయేముందు దేవుడితో ఒక్క మాట అనేది: "నేను మర్చిపోలేదు. నువ్వు కూడా మర్చిపోకు."

ఏడాది తిరిగింది, మళ్ళీ ద్రాక్షలు కోతకొచ్చాయి. ఆ కోతల్లోనే గేరా కొడుకు చనిపోయాడు.

పిల్లాడి పేరు జక్కయి. పుట్టిన దగ్గర్నుంచీ జ్వరాల పిల్లాడు. వీధిలో ఆడుకుంటూనే ఉండేవాడు, మళ్ళీ మంచం ఎక్కేవాడు. ఈసారి దిగలేదు. గేరా పెళ్ళాం నయమా, జుట్టు విరబోసుకుని, చెప్పుల్లేని కాళ్ళతో హొగ్లా గుమ్మంలోకి వచ్చి కూలబడింది.

"అత్తా, నా బిడ్డకి శోకం ఎత్తడానికి రావాలి."

మిల్కా భగ్గుమంది. "ఎంత ధైర్యమే నీకు! నీ మొగుడు పలికిన సాక్ష్యానికి మా పిల్లాడు రాళ్ళ కింద పడ్డాడు. వాడికి లేని శోకం నీ ఇంటికి కావాల్సొచ్చిందా?"

"ఆయన విన్నదే చెప్పాడట, మిల్కత్తా. నాకేం తెలుసు?" నయమా హొగ్లా పాదాలు పట్టుకుంది. "నీ ఉసురే తగిలిందంటున్నారు అందరూ. నిజమేనా? తగిలితే మాకు తగలాలి గానీ, వాడేం చేశాడత్తా? మాటలు కూడా సరిగ్గా రావు వాడికి."

దాపరికం ఎందుకు, ఆ కబురు విన్న క్షణాన హొగ్లా కడుపు చల్లబడింది. పడనీ, గేరాకీ తెలియనీ, అనుకుంది. అనుకున్నాక, కాళ్ళ దగ్గర పడి ఉన్న ఆ పిల్ల తలలో దుమ్ము చూసి, తన మీద తనకే అసహ్యం వేసింది.

"లే," అంది. "నా ఉసురు అంత దారి తెలియంది కాదు, పసివాడి మంచం దగ్గరికి పోవడానికి. మిల్కా, శోకానికి కట్టే గోనెపట్టలు తియ్యి."

"నువ్వు వెళ్తావా వదినా?"

"పిల్లాడి తరఫున ఎవరో ఒకళ్ళు అడగాలిగా."

గేరా ఇంటి వాకిట్లో ఊరంతా ఉంది. ఎండ ఇంకా దిగలేదు. తెల్లబట్ట చుట్టిన పిల్లాణ్ణి పాడె మీద పెట్టనివ్వకుండా గేరా ఒళ్ళోనే ఉంచుకున్నాడు. హొగ్లాను చూడగానే తల దించేసుకున్నాడు. ఇద్దో, మిగతా పెద్దలూ గోడ నీడన నిలబడ్డారు. హొగ్లా ఎవరినీ పలకరించకుండా నేల మీద కూర్చుని, దుమ్ము తీసి తల మీద పోసుకుంది. వెనక మిల్కా, మిగతా ఆడవాళ్ళూ వరసగా కూర్చున్నారు.

శోకం కుంటిది. చరణంలో మొదటి సగం పొడుగ్గా నడుస్తుంది, రెండో సగం ఊపిరి అందక మధ్యలో ఆగిపోతుంది. హొగ్లా రొమ్ము చరుచుకుంది.

"హోయ్, జక్కయీ! వీధంతా చిందులేసిన పాదాలు — ఆగిపోయాయి."

"హోయ్, జక్కయీ!" ఆడవాళ్ళు అందుకున్నారు. "వీధంతా చిందులేసిన పాదాలు — ఆగిపోయాయి."

"నేను సాక్షిని," అన్నాడు గేరా.

"ఎవరి పళ్ళెంలో ముద్దయినా తనదే అనుకున్న చెయ్యి — చల్లబడింది."

"నేను సాక్షిని."

ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. నయమా నేల మీద తల కొట్టుకుంటోంది. హొగ్లా కళ్ళు మాత్రం ఎప్పటిలాగే పొడిగా ఉన్నాయి. చేసి చేసి అలవాటైన పని, చరణం వెనక చరణం దానంతటదే వస్తోంది. కానీ ఆ తెల్లబట్ట అంచులోంచి చిన్న వేలు ఒకటి బయటికొచ్చి ఉంది. దాని మీద చూపు పడింది. తన కొడుకుని ఆమె చివరిసారి చూడనే లేదు. వాడి వేలైనా చూడనివ్వలేదు. నోరు ఆమె అదుపు దాటి జారిపోయింది.

"అమ్మ కేకేస్తే కొండ అవతల నుంచి 'వస్తున్నా' అన్న గొంతు — మూగబోయింది. హోయ్, జక్కూరూ!"

ఆడవాళ్ళు తిప్పి పాడేశారు. చరణం విని ఆలోచించి పాడటం వాళ్ళకు అలవాటు లేదుగా. వాకిలి వాకిలంతా ఆ పేరు మోగింది.

"హోయ్, జక్కూరూ!"

పాడాక గానీ ఏం పాడారో వాళ్ళకు అర్థం కాలేదు. ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. హొగ్లా కావాలని అనలేదు. దేవుడి తోడు, కావాలని అనలేదు. రెండు పేర్లకూ మొదలు ఒకటే. నాలుక అలవాటైన దారినే పోయింది, అంతే.

"ఆపండి!" ఇద్దో నీడలోంచి ముందుకొచ్చాడు. "ఆ పేరు ఎత్తకూడదు. హొగ్లా, పొరపాటు అని చెప్పి మళ్ళీ మొదలుపెట్టు."

"పేరు పెట్టి ఎత్తిన శోకం తెంపకూడదు, పెద్దాయనా," అంది మిల్కా.

"అది పొరపాటున వచ్చిందే!"

"పొరపాటున పుట్టిన బిడ్డ బిడ్డ కాదా? పుట్టింది. ఇంక పీక పిసుకుతావా?"

హొగ్లాకు తెలుసు. పొరపాటు అనేస్తే అయిపోతుంది. ఊరు ఊపిరి పీల్చుకుంటుంది. కానీ ఆ పేరు వాకిట్లో నిలబడి ఉంది, ఇంటికి రానివ్వని కొడుకు ఎదురుగా వచ్చి నిలబడ్డట్టు. మళ్ళీ వెళ్ళగొట్టడం ఆమె వల్ల కాలేదు. గేరా కేసి తిన్నగా చూసి, తరవాతి చరణం ఎత్తింది. ఇది మాత్రం తెలిసే ఎత్తింది.

"దేవుణ్ణి గానీ రాజును గానీ తిట్టని నోరు — రాళ్ళ కింద ఉంది."

మిల్కా గట్టిగా అందుకుంది. తక్కినవాళ్ళు కొందరు పాడారు, కొందరు గొణిగారు. అందరి కళ్ళూ గేరా మీదికి పోయాయి. ఇంటి మగవాడు పలకాలి.

గేరా ఒళ్ళో పిల్లాణ్ణి ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాడు. బయటికొచ్చిన ఆ చిన్న వేలిని తన గుప్పిట్లో పెట్టుకున్నాడు.

"ఏమయ్యా?" అంది నయమా భయంగా, అతని భుజం మీద చెయ్యి వేసి. "ఎందుకు పలకవు? బిడ్డ శోకం ఆగిపోతుంది, పలుకు!"

"నేను సాక్షిని," అన్నాడు గేరా.

"ఏమన్నావురా?" ఇద్దో దగ్గరికొచ్చాడు. "దేనికి సాక్షివి?"

"వాడు తిట్టలేదు. ఈ రక్తానికి జవాబు ఎవరు చెబుతారు అన్నాడు. అంతే. నా పక్కనే ఉండి అన్నాడు." గేరా హొగ్లా ముఖంలోకి మొదటిసారి చూశాడు. "వీడికి జ్వరంగా ఉందని కబురొచ్చిందత్తా. రెండో సాక్షి పలికితే ఈ రోజే ఇంటికి పంపిస్తామన్నారు. వీణ్ణి బతికించుకుందామని... వీణ్ణి బతికించుకుందామని పలికాను."

నయమా అతని భుజం మీద వేసిన చెయ్యి తీసేసింది. తీసేసి ఆ చేతినే చూసుకుంటూ ఉండిపోయింది.

ఇద్దో ముఖం పాలిపోయింది. "అబద్ధపు సాక్షికి శిక్ష ఏమిటో తెలుసా నీకు? నువ్వు వాడి మీదికి ఏది రప్పించావో అదే నీ మీదికి వస్తుంది."

"తెలుసు."

గోడ దగ్గర నిలబడ్డవాళ్ళలో ఒకడు అప్పుడే రాయి కోసం నేల మీదికి వంగాడు.

"ఎవడ్రా వంగింది? లే!" హొగ్లా గొంతు వాకిలి దాటి వీధిలోకి వినబడింది. "నిన్నటిదాకా నా గుమ్మం తొక్కని శూరులకి ఇవాళ చేతులొచ్చాయా? శోకం నడుస్తోంది. శోకం అయ్యేదాకా వీడు నా సాక్షి. నా సాక్షిని ముట్టుకున్నవాడి ఇంటికి నేను రాను, వాడి తల్లికి కూడా రాను."

"రేపు ఊరి వాకిట గవిని దగ్గర పెద్దలు కూర్చుని తీర్పు చెప్పాలి కదమ్మా," అన్నాడు ఇద్దో.

"రేపు గవిని దగ్గర కూడా నేనే వస్తా. వీడి నెత్తురు నాకు అక్కర్లేదని చెప్పడానికే వస్తా. ఇంకో రాళ్ళగుట్ట చూసే ఓపిక నాకు లేదు. ఇంకో తల్లి, ఇంకో పెళ్ళాం... చాలు." ఆమె గేరా వైపు తిరిగింది. "నిన్ను క్షమించానని అనుకోకు. చేతకాలేదు నాకు. నిన్ను చూస్తే కడుపు మండుతోంది. కానీ నువ్వు పలికావు."

తరవాతి చరణం ఎత్తబోయింది. నోరు తెరిచింది. రాగం రాలేదు. చరణం రాలేదు. "నాయనా," అన్న మాట ఒక్కటి వచ్చింది, దాని వెనక ఏడాదిగా గడ్డ కట్టిందంతా తెగి వచ్చింది. శోకం కాదది, పద్ధతీ పాడూ లేదు, కుంటీ లేదు నడకా లేదు. ఊరంతటికీ ఏడవడం నేర్పిన మనిషి, పసిపిల్లలా నోరు వెళ్ళబెట్టి, చీమిడి కారుతూ, నేల మీద దొర్లి ఏడ్చింది. "నాయనా, నా తండ్రీ, నిన్ను చూడనివ్వలేదురా. నీ మీద ఒక్క బట్టయినా కప్పనివ్వలేదురా."

మిల్కా ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, తనే ఎత్తింది. జక్కయికొక చరణం, జక్కూరుకొక చరణం. ఆడవాళ్ళు ఇప్పుడు విని పాడారు. ప్రతి చరణానికీ గేరా "నేను సాక్షిని" అన్నాడు. ఒక చరణం దగ్గర అతని గొంతు రాకపోతే, గోడ దగ్గర్నుంచి ఇంకెవరో పలికారు. తరవాత ఇంకొకరు. ఎవరు ఎవరి కోసం పలుకుతున్నారో విడదీయడం కష్టమైపోయింది.

శోకం ఆఖర్న ఒక ప్రశ్న ఉంటుంది. అది దేవుడికి. దానికి సాక్షి పలకడు, ఎవరూ తిప్పి పాడరు. అడిగి, ఒక్క ఊపిరి సేపు ఊరుకుని, పాడె ఎత్తేస్తారు. అది పద్ధతి. ఆ ఊపిరి సేపట్లో మోతగాళ్ళు నడుములు బిగించుకుంటారు, ఆడవాళ్ళు కొంగులు సర్దుకుంటారు. జవాబు వస్తుందని ఎవరూ అనుకోరు.

ప్రశ్న అడగడం హొగ్లా వంతు. లేచి కూర్చుంది. ముఖం నిండా దుమ్మూ కన్నీళ్ళూ కలిసి బురదైపోయింది. తుడుచుకోలేదు. రాగం లేకుండా, పక్కింటి మనిషిని అడిగినట్టు అడిగింది.

"ఆ రాళ్ళు పడుతుంటే ఎక్కడున్నావయ్యా? ఈ పసివాడు మూలుగుతుంటే ఎక్కడున్నావు? నువ్వు మా వాడివి గనక అడుగుతున్నా. పరాయివాడివైతే అడిగేదాన్నా? చెప్పు."

ఊపిరి సేపు అయింది. మోతగాళ్ళు కదిలారు. ఇద్దో గొంతు సవరించుకుని, మెల్లగా అన్నాడు: "లేమ్మా. పొద్దు గుంకకముందే పూడ్చాలి."

"కూర్చో, ఇద్దో," అంది హొగ్లా, ఆకాశం మీది నుంచి చూపు తిప్పకుండా. "ఆయన ఇంకా జవాబు చెప్పలేదు."

ఇద్దో ఆమె కేసి చూశాడు. గేరా ఒళ్ళో ఉన్న తెల్లబట్ట కేసి చూశాడు. తరవాత మోకాళ్ళు పట్టుకుని, మెల్లగా ఆమె పక్కన దుమ్ములో కూర్చున్నాడు.